కోడూరులో కదలని గాజు తలుపు

కోడూరులో మా మేనమామ గారింటి హాల్లో తూర్పు పెరటివైపు ఒక గాజు తలుపు ఉంది. పక్కకు జరిపే రకం. రెండు గాజు రెక్కలు, దోమల కోసం ఒక జాలీ రెక్క, మూడు గాళ్ల అల్యూమినియం ట్రాక్. 2010లో ఇల్లు కట్టినప్పుడు పెట్టించారు. మొదటి మూడేళ్లు అది ఒక్క వేలితో జరిగేది. ఆ తర్వాత ఏటా కార్తీకం దాటేసరికి బిగుసుకుపోవడం మొదలైంది. ఇద్దరు పట్టుకుని లాగితే గీరుకుంటూ మూరెడు కదిలేది. అల్యూమినియం పనివాడు వచ్చి కింది చక్రాలు మార్చేవాడు. తలుపు మళ్లీ బాగుండేది. మరుసటి ఏడు మళ్లీ అదే తంతు. పదేళ్లకు పైగా ఇలాగే నడిచింది.

ఇంట్లో ఎవరి కారణం వాళ్లకుంది. "నల్లరేగడి నేలరా ఇది, ఇల్లు ఓ పక్కకి కూర్చుంది" అంటాడు మావయ్య. గాజు బరువు ఎక్కువైందని అత్తయ్య నమ్మకం. "సముద్రపు గాలి బాబాయ్ గారూ, ఇక్కడ ఏ ఇనుమూ నిలవదు" అని పనివాడు. ఎండకి అల్యూమినియం సాగుతోందని ఇంజనీరింగ్ చదివిన మా బావ. నాలుగింటిలోనూ కొంత నిజముంది. చిక్కు ఇంతకాలం వీడకపోవడానికి కారణం కూడా అదే. ప్రతివాళ్లకీ నమ్మదగిన జవాబు ఒకటి దొరికింది, ఆ జవాబును ఎవరూ పరీక్షకు పెట్టలేదు.

నాకు మొదటి ఆధారం ఊడదీసిన చక్రంలో దొరికింది. నైలాన్ చక్రం, మధ్యలో ఇనుప బేరింగు, పైన జింకు పూసిన రేకు తొడుగు. వాడుతూ వాడుతూ అరిగిన చక్రం చుట్టూ సమానంగా అరగాలి. ఇది ఒక్కచోట మాత్రమే, కత్తితో చెక్కినట్టు చదునుగా అరిగింది. మిగతా అంచంతా కొత్తదానిలా గుండ్రంగానే ఉంది. అంటే అది తిరుగుతూ అరగలేదు. తిరగడం మానేశాక, కదలని చక్రాన్ని ట్రాక్ మీద ఈడవడం వల్ల అరిగింది. చక్రం అరిగిపోయి తలుపు ఆగిందని ఇన్నాళ్లూ అనుకున్నారు. జరిగింది తలకిందులు. బేరింగు ముందు బిగిసింది, ఆ తర్వాత చక్రం అరిగింది. కాబట్టి చక్రం ఎందుకు అరుగుతోందని అడిగి లాభం లేదు. బేరింగు ఎందుకు బిగుస్తోందని అడగాలి.

రెండో ఆధారం అదే రెక్కకున్న రెండో చక్రం. రెండూ ఒకేసారి, ఒకే పెట్టెలోంచి తీసి బిగించినవి. తాళం వైపు చక్రం ఎర్రటి తుప్పుతో రాయిలా ఉంది. అవతలి కొస చక్రం వేలితో తడితే గిర్రున తిరిగింది. వాటి మధ్య దూరం మీటరు పైచిలుకు, అంతే. ఈ తేడా చాలా విలువైనది. ఇక ఎవరు ఏ కారణం చెప్పినా ఒక కొస చక్రమే ఎందుకు చచ్చిందో, రెండోది ఎందుకు బతికిందో కూడా చెప్పి తీరాలి.

ఈ కొలతతో ఒక్కొక్క అనుమానాన్నీ చూద్దాం. ముందు నేల. కృష్ణా నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు మీద, కోడూరు ఉన్న ఈ దివిసీమ నిలిచి ఉంది. నల్లరేగడి నీరు తాగి ఉబ్బుతుంది, ఎండి కుంచించుకుపోతుంది, నెర్రెలిస్తుంది. పునాది కదిలితే తలుపు చట్రం మెలి తిరిగి రెక్క పట్టేసే మాట నిజమే. దాన్ని తేల్చడానికి టేపు చాలు. చట్రం ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలవాలి, తర్వాత రెండో కర్ణం కొలవాలి. రెండూ సమానమైతే చట్రం మూలమట్టంగా ఉన్నట్టే. ఇక్కడ రెండూ ఒకే కొలత చూపించాయి. పైన రసమట్టం పెట్టి చూస్తే లింటెలు కిందికి వంగలేదు. నేల ఈ కేసులో లేదు.

గాజు బరువు లెక్క సులువు. చదరపు మీటరు గాజు, మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 5 మిల్లీమీటర్ల గాజు అయితే చదరపు మీటరుకు 12.5 కిలోలు. రెక్క 1.2 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు. అంటే గాజు ఒక్కటే 31 కిలోల పైమాట. చట్రంతో కలిపి రెండు చక్రాల మీద పడే ఈ బరువు తక్కువేమీ కాదు. కానీ మొదటి మూడేళ్లలోనూ ఇదే గాజు, ఇదే బరువు. పైగా బరువు రెండు చక్రాల మీదా దాదాపు సమానంగా పడుతుంది. ఒకదాన్నే చంపదు.

మా బావ చెప్పిన ఎండ సంగతీ లెక్కకు అందేదే. అల్యూమినియం డిగ్రీ వేడికి పది లక్షల్లో 23 వంతులు సాగుతుంది. రెండు మీటర్ల పొడవు, 20 డిగ్రీల తేడా అనుకుంటే సాగేది మిల్లీమీటరుకు కాస్త తక్కువ. పైగాడిలో రెక్కకు అంతకు ఎన్నో రెట్లు ఖాళీ వదులుతారు. అదీకాక తలుపు బిగిసేది రోహిణీ కార్తెలో కాదు, చలి మొదలయ్యే రోజుల్లో.

సముద్రపు గాలిని అంత తేలిగ్గా వదిలేయలేం. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి, దాని పక్కనే పాలకాయతిప్ప, రెండూ కోడూరు మండలంలోవే. అలలు విరిగినప్పుడు ఎగిరే సన్నటి తుంపర ఎండి, ఉప్పు రేణువై గాలిలో ఊరి మీదికి వస్తుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరవుతుంది. ఈ తీరంలో ఏడాదిలో చాలా భాగం తెల్లవారుజామున తేమ ఆ గీత పైనే ఉంటుంది. వంటింట్లో కళ్లుప్పు జాడీ అడుగున నీరు ఊరడం ఇక్కడి ఆడవాళ్లందరూ చూసేదే. ఇనుము మీద పడిన ఉప్పు కూడా అలాగే కరిగి, దాన్ని రాత్రంతా తడిగా ఉంచుతుంది.

అయితే తలుపంతా పరిశీలిస్తే ఒక వింత కనిపించింది. బయటి ముఖం, అంటే వాన నేరుగా కొట్టే భాగం, ఇప్పటికీ నునుపుగా ఉంది. సన్‌షేడు నీడలో, వాన తగలని పై మూలల్లో మాత్రం తెల్లటి మచ్చలు, గరుకు. వాన తడిపేచోట లోహం బాగుండటం, వాన అందనిచోట చెడటం మొదట నమ్మబుద్ధి కాదు. కానీ న్యాయం అదే. వాన నీరు మంచి నీరు, ఉప్పును కడిగేస్తుంది. వాన అందని చోట ఉప్పు పేరుకుంటూ పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తలుపుల సంరక్షణలో సగం తెలిసినట్టే. తీరంలో లోహానికి మంచినీళ్లే మందు.

ఇంతా చేసి గాలి కూడా రెండు చక్రాలనూ ఒకేలా తాకుతుంది. నేరంలో దానికి పాలుంది గానీ, నేరం మొత్తం దానిది కాదు.

ఇక తాళం వైపు మూల. రెక్క ఎత్తి పక్కన పెట్టాక ట్రాక్ ఆ మూలలో తెల్లటి పిండి గడ్డకట్టి కనిపించింది. దాన్ని గీకి గ్లాసుడు మంచినీళ్లలో వేసి కలిపితే కొంత కరిగింది, కొంత కరగకుండా అడుక్కి దిగింది. కరిగింది ఉప్పు. కరగనిది అల్యూమినియం తినేయగా మిగిలిన మడ్డి. ట్రాక్‌ను నేలకు బిగించిన స్క్రూలు ఎర్రగా తుప్పు పట్టాయి, వాటి చుట్టూ అల్యూమినియం పొక్కులు లేచి గుంటలు పడింది. మిగతా పొడవునా అవే స్క్రూలు, అదే ట్రాక్, నష్టం మాత్రం అందులో పదోవంతు లేదు.

ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకి ఉంటే వాటి మధ్య సన్నటి విద్యుత్తు పారుతుంది, బలహీనమైన లోహం కరిగిపోతుంది. ఈ పాఠం మనిషికి ఖరీదుగానే నేర్పింది సముద్రం. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు పురుగు పట్టకుండా రాగి రేకులు కొట్టించి వెస్టిండీస్ వైపు పంపింది. 1763లో తెచ్చి చూస్తే రేకులు బాగానే ఉన్నాయి, వాటిని పట్టి ఉంచిన ఇనుప మేకులు మాత్రం పుచ్చిపోయి రేకులు ఊడుతున్నాయి. కొన్నిచోట్ల మేకులు చెక్కుచెదరలేదు. ఎందుకా అని చూస్తే, రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని ఆ చోట్ల పనివాళ్లు తీసేయకుండా వదిలేశారు. ఇనుముకు రాగికి మధ్య కాగితం అడ్డుపడింది. వోల్టా తన బ్యాటరీని ప్రకటించింది 1800లో. రాగి తొడుగు ఎలా కాపాడాలో హంఫ్రీ డేవీ శాస్త్రంగా వివరించింది 1824లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక కాగితం ముక్క జవాబు చెప్పేసింది. మన తూర్పు తీరంలో అలల్ని దాటి ఓడలకు సరుకు మోసిన మసూలా పడవలకైతే మేకులే లేవు. పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. అలల దెబ్బకు పడవ విరగకుండా వంగడానికి అలా కుట్టారు. ఉప్పునీటిలో తుప్పు పట్టే ఇనుము బెడద తప్పడం దానితోపాటు కలిసొచ్చిన లాభం.

అలారం ఓడలో రాగి పక్కన ఇనుము ఓడింది. ఈ తలుపు దగ్గర ఇనుము పక్కన అల్యూమినియం ఓడింది. చక్రం తొడుగు మీది జింకు ముందు పోయింది, తర్వాత బేరింగు ఇనుము వంతు వచ్చింది. తుప్పుగా మారిన ఇనుము మునుపటికంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. బేరింగు గుళ్ల మధ్య అంత చోటు ఎక్కడిది? అది బిగిసిపోయింది.

ఇదంతా జరగాలంటే ఆ మూలలో ఉప్పునీరు రోజుల తరబడి నిలవాలి. స్లైడింగ్ ట్రాక్ చేసేవాళ్లు నీరు చేరుతుందని ముందే ఊహించి, బయటి అంచు అడుగున సన్నటి కన్నాలు పెడతారు. ట్రాక్‌లో పడ్డ నీరు వాటిలోంచి బయటికి జారిపోవాలి. ఈ తలుపుకు ఆ కన్నాలు కనిపించలేదు. వేలితో తడిమితే రెండు చోట్ల మెత్తగా తగిలింది. సిలికాన్ సీలెంటుతో ఎవరో పూడ్చేశారు.

ఎప్పుడు? దానికి గోడ రంగులు సాక్ష్యం చెప్పాయి. ఇల్లు కట్టినప్పుడు గోడకు మీగడ రంగు. మరదలి పెళ్లికి 2015లో నీలం వేశారు. సిలికాన్ కింద చట్రం మీద మీగడ రంగు మరక ఉంది. సిలికాన్ పైన నీలం రంగు పొలుసుల్లా లేచి ఉంది. సిలికాన్ మీద రంగు పట్టదు గనుక అలా లేచింది. అంటే పూడ్చింది 2010కి 2015కి మధ్య. తలుపు మొదట బిగిసిన కాలమూ అదే.

ఆ మాట అనగానే అత్తయ్యకు గుర్తొచ్చింది. "హెలెన్ తుపానప్పుడు కదరా, హాలంతా నీళ్లు. ఆ కన్నాల్లోంచి బుడబుడమని పైకొచ్చాయి. మర్నాడే మావయ్య మూయించేశాడు." హెలెన్ మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది 2013 నవంబరు 22న. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లతో చూసిన తరం ఇంకా ఉన్న ఊళ్లో, తుపాను నాడు తలుపు అడుగున నీళ్లు పొంగితే మనిషి ఆలోచించేది లోహాల గురించి కాదు. మావయ్య చేసిన పనిని నేను తప్పు పట్టను. ఆ భయానికి కారణముంది.

కానీ ఆ నీళ్లు ఎందుకు పొంగాయో తెలిస్తే కన్నాల మీద కోపం రాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టే గాలి, తలుపుకు ఇవతలికి అవతలికి మధ్య ఒత్తిడిలో కలిగించే తేడా దాదాపు 5 సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. ఇక్కడ ట్రాక్‌ను నేలలోకి దించి బిగించారు. దాని లోతు 4 సెంటీమీటర్లు కూడా లేదు. అంత గాలిలో నీరు కిందికి దిగకపోగా వెనక్కి ఎక్కి గచ్చు మీదికి వస్తుంది. గాలి తగ్గగానే అవే కన్నాలు నీటిని బయటికి పంపేస్తాయి. అసలు మూసినందువల్ల ఒరిగింది కూడా ఏమీ లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు రెక్కల మధ్య సందులోంచి నీరు హాల్లోకి రానే వచ్చింది. పోయే దారి లేక ట్రాక్‌లో నాలుగైదు రోజులు నిలిచింది కూడా.

ఇక్కడితో కేసు ముగిసిందనిపిస్తుంది. ముగియలేదు. వాన నీరు మంచినీరని పైన అనుకున్నాం. మంచినీరు నిలిస్తే ఇంత ఉప్పు గడ్డ కట్టదు. గాలి తెచ్చిన ఉప్పు ట్రాక్ పొడవునా సమానంగా పడాలి, ఒక మూలలో కుప్పపడకూడదు.

ఆ ఉప్పు ఎక్కడిదో శుక్రవారం ఉదయం హాలు కడుగుతుంటే తేలింది. అత్తయ్య ఇల్లు అద్దంలా ఉంచుతుంది. బకెట్లతో నీళ్లు పోసి, చీపురుతో రుద్ది, వైపరుతో నీళ్లన్నీ గాజు తలుపు వైపు నెట్టి బయటికి పంపుతుంది. గచ్చు వాటం తాళం వైపు మూలకే ఉంది. ఆ నీళ్లు ఇంటి బోరు నీళ్లు. దివిసీమలో సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పు. తాగడానికి ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల్లో వచ్చి, పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే కృష్ణ నీటిని చెరువుల్లో నింపుకునేది అందుకే. పరీక్ష వంటింట్లోనే చేశాం. రెండు స్టీలు పళ్లేల్లో ఒకదానిలో గరిటెడు బోరు నీళ్లు, ఇంకోదానిలో గరిటెడు పంచాయతీ కుళాయి నీళ్లు పోసి ఎండలో పెట్టాం. సాయంత్రానికి కుళాయి నీటి పళ్లెంలో కనీకనిపించని మరక. బోరు నీటి పళ్లెంలో వేలితో గీస్తే గీత పడేంత తెల్లటి పొర.

కన్నాలు తెరిచి ఉన్న మూడేళ్లూ ఇదే నీరు ట్రాక్‌లో పడింది, బయటికి పోయింది. కన్నాలు మూశాక పడిన నీరు పడినట్టే ఉండి, ఎండి, ఉప్పును వదిలి వెళ్లింది. వారం వారం మరో పొర. తాళం వైపు మూల చిన్న ఉప్పుమడి అయింది. ఒక చక్రం చావడం, రెండోది బతకడం, స్క్రూల చుట్టూ గుంటలు, మొదటి మూడేళ్ల హాయి, అన్నిటికీ జవాబు ఇందులో ఉంది. కార్తీకం సంగతీ తేలింది. ఈశాన్య రుతుపవనాల వానలు ఆ రోజుల్లోనే. దీపాలు పెట్టే ఆ నెలంతా హాలు వారానికోసారి కాదు, రోజూ కడుగుతారు. నెల తిరిగేసరికి సార్వా కోతలు, నూర్పిళ్లు. గాలినిండా ఊకదుమ్ము, పొల్లు. తలుపు బిరుసుగా ఉందని ట్రాక్‌లో కొబ్బరినూనె పోస్తారు. నూనెకు దుమ్ము అంటుకుని బంకమట్టి అవుతుంది. అప్పటికే కొనఊపిరితో ఉన్న బేరింగు అక్కడ ఆగిపోతుంది.

కాబట్టి దోషి ఒక్కరు కాదు. గాలిలో ఉప్పు సాయం చేసింది, మూసిన కన్నాలు నీటిని కట్టేశాయి, బోరు నీరు విషం పోసింది. ఈ మూడింటిలో మనుషుల చేతిలో ఉన్నవి రెండు. ఆ రెండూ శుభ్రం కోసం, భద్రత కోసం చేసినవే. పదేళ్లుగా మార్చిన చక్రాలకు ఇందులో ఏ పాపమూ లేదు.

బాగుచేయడం కనిపెట్టడం కంటే తేలికైంది. రెక్క తీసేటప్పుడు ఇద్దరుండాలి, చేతులకు గ్లౌజులు, కాళ్లకు చెప్పులు. లోపలి గాడిలోని రెక్క ముందు. అడుగు అంచున ఉన్న స్క్రూ తిప్పి చక్రాన్ని లోపలికి లాగాక, రెక్కను పైగాడిలోకి ఎత్తి, అడుగు భాగాన్ని హాల్లోకి లాగితే వచ్చేస్తుంది. గాజు మూలలో టఫెన్డ్ అని ముద్ర ఉందేమో చూసుకోవాలి. అలాంటి గాజును తర్వాత కోయడం, కన్నం వేయడం కుదరదు, అంచుకు గట్టి దెబ్బ తగిలితే మొత్తం గుళ్లుగుళ్లుగా రాలిపోతుంది. ముద్ర లేని మామూలు గాజు అయితే కత్తుల్లా పగులుతుంది, ఇంకా ప్రమాదం. పిల్లల్ని ఆ పూట హాల్లోకి రానివ్వకూడదు.

సిలికాన్‌ను బ్లేడుతో కోసి, సైకిల్ చువ్వతో కన్నాలు పొడిచాం. ట్రాక్‌ను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కుళాయి నీళ్లతో కడిగి ఆరనిచ్చాం. బాత్‌రూము యాసిడ్ దగ్గరికి రానివ్వలేదు. అది మురికితోపాటు అల్యూమినియం పైపూతనూ తినేస్తుంది. తుప్పు స్క్రూలు తీసి 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించాం. మామూలుగా దొరికే 304 రకం కంటే ఉప్పుగాలికి అది బాగా తట్టుకుంటుంది, అందులో కలిపే మాలిబ్డినం వల్ల. ప్రతి స్క్రూ తల కిందా నైలాన్ వాషరు. అలారం ఓడలో కాగితం చేసిన పనే ఈ వాషరు చేస్తుంది. చక్రాలు నైలాన్‌వే, బేరింగు మాత్రం స్టెయిన్‌లెస్‌ది. నూనె మానేసి బేరింగు మీద మాత్రం తడి అంటని సిలికాన్ స్ప్రే కొద్దిగా. హాలు కడిగిన నీళ్లు ఇప్పుడు పడమటి గుమ్మంలోంచి పోతున్నాయి. ట్రాక్‌లో వారానికోసారి చెంబుడు కుళాయి నీళ్లు పోస్తున్నారు. ఆ తర్వాత వచ్చిన కార్తీకంలో తలుపు జరిగింది. పనివాణ్ని పిలవలేదు.

కన్నాల్లోంచి నీరు పొంగుతుందన్న భయం పోకపోతే, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు వాటికి బయటనుంచి టేపు అంటించుకోండి, గాలి తగ్గిన మర్నాడే పీకేయండి. మీ ఇంటి తలుపు బిరుసెక్కితే కొత్త చక్రాలు కొనేముందు ట్రాక్‌లో ఒక చెంబు మంచినీళ్లు పోసి బయటికి వెళ్లి చూడండి. నీరు బయటికి రాకపోతే చక్రాలు కొనకండి, ముందు కన్నాలు వెతకండి.